రైతు బిడ్డ అయితే సరిపోతుందా? చరణ్ సింగ్ రాజకీయ జీవితం మనకు చెప్పేది

(రైతు దినోత్సవం సందర్భంగా మన సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 23న దేశమంతటా రైతు దినోత్సవం జరుగుతుంది. ఆఫీసుల్లో సభలు పెడతారు, నలుగురు రైతులకు శాలువాలు కప్పుతారు, మధ్యాహ్నానికి అయిపోతుంది. ఆ తేదీ ఎవరి పుట్టినరోజో అడిగితే సభలో సగం మందికి తెలియదు. అది చౌదరి చరణ్ సింగ్ పుట్టినరోజు. ఉత్తరప్రదేశ్‌కు రెండుసార్లు ముఖ్యమంత్రి, కొన్ని నెలలు దేశానికి ప్రధానమంత్రి. 2024 ఫిబ్రవరి 9న భారతరత్న ప్రకటించిన ముగ్గురిలో ఆయన ఒకరు. మిగతా ఇద్దరిలో ఒకరు మన వంగర పి.వి. నరసింహారావు, మరొకరు వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్.

ఆయనకు దండ వేయడానికి మనం ఈ తరగతి పెట్టుకోలేదు. ఎన్నికలు వస్తే చాలు, అన్ని పార్టీల అభ్యర్థులూ 'మేమూ రైతు బిడ్డలమే' అంటారు. కండువా తలకు చుట్టి, నాగలి పట్టుకుని ఫొటో దిగుతారు. నిజంగానే రైతు ఇంట్లో పుట్టినవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు. రైతు ఇంట పుట్టినవాడు అధికారంలోకి పోతే రైతుకు ఏం వస్తుంది? ఏం రాదు? ఎందుకు రాదు? ఈ ప్రశ్నలకు జవాబు వెతకాలంటే చరణ్ సింగ్ జీవితం మంచి పాఠం. ఆయన చేసినవి పెద్ద పనులు, ఆయన వదిలేసినవీ పెద్దవే. రెండూ చూద్దాం.

కౌలుదారు ఇంట్లో పుట్టి

చరణ్ సింగ్ 1902లో అప్పటి మీరట్ జిల్లా నూర్‌పూర్ గ్రామంలో పుట్టారు. తండ్రి మీర్ సింగ్, తల్లి నేత్ర కౌర్. సొంత భూమి లేదు. కుచేసర్ జమీందారు భూమిని కౌలుకు చేసుకునే కుటుంబం. ఉండేది మట్టి గోడలు, గడ్డి కప్పు ఇంట్లో. అక్కడ నిలదొక్కుకోలేక కుటుంబం ఊళ్లు మారింది. కౌలుదారు బతుకంటే ఏమిటో ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు.

అయితే చదువూ ఆపలేదు. ఆగ్రాలో సైన్స్ డిగ్రీ, చరిత్రలో ఎం.ఏ., ఆపైన న్యాయశాస్త్రం చదివి ఘాజియాబాద్‌లో వకీలుగా కుదురుకున్నారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో ఆరు నెలలు జైలుకు వెళ్లారు. తర్వాత 1940లో, 1942లో మళ్లీ జైలు. 1937లో మీరట్ జిల్లా నుంచి మొదటిసారి శాసనసభకు గెలిచారు. ఆ ప్రాంతపు రైతులు ఆయన్ను దాదాపు 40 ఏళ్లు శాసనసభకు పంపుతూ వచ్చారు.

పొలం తెలుసు, చట్టమూ తెలుసు. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసినప్పుడు ఏం జరుగుతుందో తర్వాతి ఇరవై ఏళ్లలో కనబడుతుంది.

మార్కెట్ బిల్లు: 26 ఏళ్ల నిరీక్షణ

శాసనసభకు వెళ్లిన మరుసటి ఏడాదే, 1938లో, ఆయన ఒక ప్రైవేటు బిల్లు తయారు చేశారు. వ్యవసాయ ఉత్పత్తుల మార్కెట్ల బిల్లు. తూకంలో మోసం, తరుగు పేరుతో కోత, ధర్మం పేరుతో కోత, గుడ్డ కింద వేళ్లు పట్టుకుని వ్యాపారులు చేసుకునే రహస్య బేరం, రైతు బండి మండీలోకి వచ్చాక అతనికి తెలియకుండా తేలే ధర. వీటిని అదుపు చేసే కమిటీలు ఉండాలని, వాటిలో రైతు ప్రతినిధులు కూర్చోవాలని ఆ బిల్లు ఉద్దేశం.

పంజాబ్‌లో చోటూరామ్ మంత్రిగా ఉన్నప్పుడు 1939లోనే మార్కెట్ చట్టం వచ్చింది. మన వైపు మద్రాసు రాష్ట్రంలో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం 1933లోనే ఉంది. ఉత్తరప్రదేశ్‌లో ఎప్పుడొచ్చింది? 1964లో. బిల్లు పెట్టిన 26 ఏళ్లకు. మధ్యలో ఆయన సొంత పార్టీయే ఏళ్ల తరబడి అధికారంలో ఉంది, ఆయనే మంత్రిగా ఉన్నారు. అయినా అంత కాలం పట్టింది. మండీ వ్యాపారుల బలం అలాంటిది. ఒక రైతు బిడ్డ సభలో ఉంటే చాలదని మనకు దొరికే మొదటి సాక్ష్యం ఇది.

1939లో రైతుల రుణ విమోచన చట్టం తయారీలోనూ ఆయన ముందున్నారు. ఆ రోజుల్లోనే మద్రాసులో రాజాజీ ప్రభుత్వం రైతు రుణ ఉపశమన చట్టం తెచ్చింది. 1930ల మాంద్యంలో ధాన్యం, గోధుమ ధరలు కూలిపోయి, వడ్డీ వ్యాపారి చేతికి భూములు జారిపోతున్న కాలం అది. దేశమంతటా రైతులు కదిలితేనే ఈ చట్టాలు వచ్చాయి. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టింది. దాని వెనుక బిహార్ స్వామి సహజానంద సరస్వతి, మన నిడుబ్రోలు ఎన్.జి. రంగా వంటి వాళ్లున్నారు. సభలో బిల్లు పెట్టేవాడి వెనుక బయట ఊళ్లు కదలాలి. ఈ రెండో కాలు లేకుండా మొదటి కాలు నడవదు.

జమీందారీ రద్దు: పది రెట్ల కౌలు లెక్క

ఇప్పుడు ఆయన జీవితంలోని అసలు ఘట్టానికి వద్దాం. 1946లో గోవింద వల్లభ పంత్ ప్రభుత్వంలో ఆయన పార్లమెంటరీ కార్యదర్శి. జమీందారీ రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. ఆ చట్టం రాయడంలో ఎక్కువ చాకిరీ చేసిన వాళ్లలో చరణ్ సింగ్ ఒకరు. 1950 చట్టంగా పిలిచే ఉత్తరప్రదేశ్ జమీందారీ రద్దు, భూసంస్కరణల చట్టానికి 1951 జనవరిలో రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. కోర్టు కేసులన్నీ దాటుకుని 1952 జులై 1న జమీందార్ల భూములు ప్రభుత్వానికి దఖలు పడ్డాయి.

ఈ చట్టం ఎలా పనిచేసిందో కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే మనకు కావలసిన పాఠం అందులోనే ఉంది.

హక్కుగల కౌలుదారు తన ఏడాది కౌలుకు పది రెట్లు ప్రభుత్వానికి కడితే 'భూమిధర్' అవుతాడు. భూమి అతనిది, అమ్ముకోవచ్చు, వారసులకు ఇవ్వవచ్చు, ఆపైన కట్టే శిస్తు పాత కౌలులో సగం. కట్టలేనివాడు 'సిర్దార్' అవుతాడు. భూమి నుంచి అతన్ని ఎవరూ తీయలేరు, వారసులకు వస్తుంది, కానీ అమ్ముకునే హక్కు లేదు. పాత కౌలే ఇక జమీందారుకు కాకుండా సర్కారుకు కడతాడు. ఈ పది రెట్ల ఆలోచన ఆయనకు హఠాత్తుగా వచ్చింది కాదు. 1939లోనే ఒక బిల్లు ముసాయిదాలో అదే లెక్క రాసుకున్నారు.

మూడో రకం ముఖ్యమైనది. కౌలుదారు దగ్గర మళ్లీ కౌలుకు తీసుకున్నవాడు, జమీందారు సొంత సాగు భూమిని పాలుకు చేసేవాడు, ఏ హక్కూ లేకుండా దున్నుతున్నవాడు. వీళ్లను 'అధివాసి' అన్నారు. 1356 ఫసలీ, అంటే 1948-49 నాటి రికార్డులో సాగులో ఉన్నట్టు పేరు రాసి ఉంటే వాళ్లకు తాత్కాలిక రక్షణ. 1954 సవరణతో ఈ అధివాసులు కూడా సిర్దార్లయ్యారు. అప్పుడు రెవెన్యూ మంత్రి చరణ్ సింగే. పార్టీలోని పెద్ద భూస్వాముల అభ్యంతరాలను దాటి ఆ సవరణ తెచ్చారు. అట్టడుగు సాగుదారుల్లో, దళితుల్లో కూడా ఎంతోమందికి మొదటిసారి భూమి మీద కాగితం దొరికింది ఈ సవరణతోనే.

మన ప్రాంతంతో పోల్చి చూసుకుందాం. మద్రాసు రాష్ట్రంలో 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రంలో 1949లో జాగీర్దారీ రద్దయింది, 1950లో కౌలు చట్టం వచ్చింది, రక్షిత కౌలుదారు అనే మాట పుట్టింది. తెలంగాణలో దాని వెనుక సాయుధ పోరాటం ఉంది, నెత్తురు ఉంది. ఉత్తరప్రదేశ్‌లో అంత పోరాటం లేకుండానే చట్టం వచ్చింది గనుక, ఆ చట్టంలో జమీందార్లకు దారులూ మిగిలాయి. 'సొంత సాగు' అని చూపించిన భూములన్నీ జమీందార్ల దగ్గరే ఉండిపోయాయి. సొంత సాగు అంటే సొంత చేతులతో దున్నడం కాదు, కూలీలను పెట్టి చేయించినా సొంత సాగే. ఒక కుటుంబం దగ్గర ఉన్న భూమికి ఆ చట్టం గరిష్ఠ పరిమితి పెట్టలేదు. పరిమితి చట్టం విడిగా 1960లో గాని రాలేదు. పదేళ్లు సమయం దొరికితే పేర్లు మార్చుకోవడం, పంచి రాసుకోవడం ఎవరికి చేతకాదు? మన దగ్గర 1973 భూపరిమితి చట్టానికి ముందు జరిగిందీ అదే.

పట్వారీల రాజీనామా

1356 ఫసలీ రికార్డులో పేరుంటే హక్కు, లేకుంటే లేదు అనుకున్నాం కదా. ఆ రికార్డు రాసేది ఎవరు? పట్వారీ. తెలంగాణలో మనవాళ్లకు ఆ మాట వివరించి చెప్పక్కర్లేదు. ఆంధ్రాలో కరణం. సాగు చేసేవాడి పేరు రాయనూ వచ్చు, కొట్టేయనూ వచ్చు, రాయడానికీ కొట్టేయడానికీ కూడా డబ్బు తీసుకోవచ్చు. లక్నోలో ఎంత గొప్ప చట్టం రాసినా, ఊళ్లో ఆ చట్టం పట్వారీ కలం మొనలోంచే బయటకు రావాలి.

1953 మొదట్లో ఉత్తరప్రదేశ్ పట్వారీలు తమ కోరికల సాధనకు మూకుమ్మడిగా రాజీనామాలు పెట్టారు. ఒకరిద్దరు కాదు, ఇరవై ఏడు వేల మందికి పైగా. భూసంస్కరణ మధ్యలో ఉంది, మేము లేకపోతే రెవెన్యూ యంత్రాంగం కదలదు, ప్రభుత్వం దిగిరాక తప్పదు అన్నది వాళ్ల ధీమా. చరణ్ సింగ్ రెవెన్యూ మంత్రి. రాజీనామాలను ఆమోదించేశారు. పట్వారీ ఉద్యోగాన్నే తీసేసి, 'లేఖ్‌పాల్' అనే కొత్త ఉద్యోగం పెట్టి, కొత్తవాళ్లను తీసుకున్నారు. వంశపారంపర్యంగా కొన్ని కులాల చేతుల్లో నడిచిన పనిలోకి వేరే కులాల చదువుకున్న పిల్లలకు దారి దొరికింది.

ఉద్యోగుల సమ్మెను అలా అణిచేయడం సబబా అని మన మిత్రులు కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. సంఘం పెట్టుకోవడం, పని ఆపడం మన హక్కయితే వాళ్లదీ హక్కే. కానీ రైతు వైపు నుంచి చూస్తే ఆ రోజు కదిలింది తరతరాల గుత్తాధికారం. ముప్పై ఏళ్ల తర్వాత 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు, పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసినప్పుడు మన ఊళ్లలో అదే ఊరట కనిపించింది. 2020లో తెలంగాణలో వీఆర్వో వ్యవస్థను రద్దు చేసినప్పుడూ చాలా ఊళ్లలో టపాకాయలు కాల్చారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. మనిషిని తీసేశారు సరే, దస్తావేజు ఎవరి చేతిలోకి వెళ్లింది? లేఖ్‌పాల్ వచ్చాక కూడా ఉత్తరప్రదేశ్ రైతు తన ఖస్రా నకలు కోసం తిరుగుతూనే ఉన్నాడు. తెలంగాణలో వీఆర్వో పోయి ధరణి వచ్చింది. పహాణీలో సాగు చేసేవాడి పేరుండే కాస్తు కాలమే లేకుండా పోయింది. ఊళ్లో కరణానికి అయితే వెళ్లి గట్టిగా అడిగేవాళ్లం. కంప్యూటర్‌ను ఎవరు అడుగుతారు? 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. పేరు ఏదైనా మనం చూడాల్సింది ఒకటే. సాగు చేసేవాడి పేరు రాసే చోటు అందులో ఉందా, ఆ పుట ఊరందరి ముందూ చదివి వినిపిస్తున్నారా.

అదే 1953లో కమతాల ఏకీకరణ చట్టం కూడా తెచ్చారు. అరెకరం ఇక్కడ, పావు ఎకరం అక్కడ ఉన్న ముక్కలను కలిపి ఒకచోట ఇవ్వడం. బావి తవ్వుకోవాలన్నా, మోటారు పెట్టుకోవాలన్నా భూమి ఒకచోట ఉండాలి. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో తర్వాత గొట్టపు బావులు, చెరకు, గోధుమ అంతగా పెరగడానికి ఈ పని పునాది వేసింది. ఎన్నికల సభలో చెప్పుకోవడానికి పనికొచ్చే పని కాదు, ప్రతి ఊళ్లో తగాదాలు తెచ్చే పని. అయినా చేశారు.

నాగపూర్‌లో ఎదురు నిలిచి

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ. ఉమ్మడి సహకార సేద్యం తేవాలని నెహ్రూ బలపరిచిన తీర్మానం వచ్చింది. రైతుల భూములన్నీ కలిపి ఉమ్మడిగా సాగు చేయడం దాని లక్ష్యం. నెహ్రూ మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేని కాలం. చరణ్ సింగ్ వేదిక మీద లేచి ఆ తీర్మానానికి వ్యతిరేకంగా మాట్లాడారు. అదే ఏడాది మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఉమ్మడి సేద్యం మీద ఒక పుస్తకమే రాశారు.

ఆయన వాదన క్లుప్తంగా ఇదీ. మన దేశంలో భూమి తక్కువ, మనుషులు ఎక్కువ. కాబట్టి మనిషికి ఎంత పండింది అని కాదు, ఎకరానికి ఎంత పండింది అని చూడాలి. సొంత కమతంలో ఇంటిల్లిపాదీ పనిచేస్తే ఎకరా దిగుబడి పెద్ద కమతం కన్నా తగ్గదు, పైగా పెరుగుతుంది. పెద్ద యంత్రాలతో పెద్ద పొలాలు చేస్తే ఊళ్లో పని పోతుంది. ఆయన జపాన్ చిన్న కమతాలను ఉదాహరణగా చూపేవారు.

మన దగ్గర ఎన్.జి. రంగా అదే విషయం మీద కాంగ్రెస్ నుంచి బయటికి వచ్చి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడయ్యారు. చరణ్ సింగ్ బయటికి పోలేదు, లోపలే ఉండి పోట్లాడారు. ఈ ఇద్దరి వాదనల్లో పెద్ద భూస్వామికీ చిన్న రైతుకూ మధ్య గీత సరిగా గీయలేదన్నది నిజం. సహకార సేద్యం వద్దన్న కేకల్లో పెద్ద రైతుల గొంతు కూడా కలిసింది. అయినా రైతును అడగకుండా రైతు భూమి మీద పథకాలు గీయవద్దన్న మాట ఇవాళ్టికీ మనదే. కార్పొరేట్ కంపెనీలు వేల ఎకరాలు కలిపి సాగు చేస్తామని వస్తున్న ఈ రోజుల్లో, చిన్న కమతం దండగ అనే వాళ్లకు ఇచ్చే జవాబులో ఆయన లెక్క మనకు పనికొస్తుంది.

కుర్చీల కాలం

1967 నుంచి కథ మారుతుంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆయన 16 మంది శాసనసభ్యులతో కాంగ్రెస్ నుంచి బయటికి వచ్చి, ప్రతిపక్షాలన్నీ కలిసిన సంయుక్త విధాయక దళ్ తరఫున ముఖ్యమంత్రి అయ్యారు. ఉత్తరప్రదేశ్‌కు మొదటి కాంగ్రెసేతర ముఖ్యమంత్రి. ఒకవైపు జనసంఘ్, ఒకవైపు సోషలిస్టులు, ఒకవైపు కమ్యూనిస్టులు. చిన్న కమతాల మీద భూమిశిస్తు రద్దు చేయాలని సోషలిస్టులు, కమ్యూనిస్టులు పట్టుబట్టారు. ఒప్పుకోనిది ఎవరనుకున్నారు? ఖజానాకు లోటు వస్తుందని ముఖ్యమంత్రే అడ్డుపడ్డారు. రైతు బిడ్డ కుర్చీలో కూర్చున్నాక ఖజానా వైపు నుంచి మాట్లాడటం మనం చూడని విషయమేమీ కాదు. 1968 ఫిబ్రవరికల్లా ఆ ప్రభుత్వం పోయింది. 1970లో ఇందిరాగాంధీ కాంగ్రెస్ మద్దతుతో మళ్లీ ముఖ్యమంత్రి, అక్టోబరుకల్లా అదీ పోయింది. 1971లో ముజఫర్‌నగర్ లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు.

అలాగని ఈ కాలమంతా వట్టిది కాదు. జాట్లు, యాదవులు, కుర్మీలు వంటి మధ్య కులాల రైతులు ఉత్తరాదిలో రాజకీయ శక్తిగా నిలబడింది ఈ కాలంలోనే. 1974లో ఏడు పార్టీలు కలిసి భారతీయ లోక్‌దళ్ అయ్యాయి. రంగా పెట్టిన స్వతంత్ర పార్టీలో ఎక్కువ భాగం అందులో కలిసింది, రంగా మాత్రం అప్పటికే కాంగ్రెస్‌కు తిరిగి వెళ్లారు. ఎమర్జెన్సీలో చరణ్ సింగ్ జైలుకు వెళ్లారు. 1977 ఎన్నికల్లో జనతా పార్టీ పోటీ చేసింది ఆయన పార్టీ గుర్తు మీదే. చక్రంలో నాగలి మోస్తున్న రైతు. ఉత్తరాది ఊడ్చుకుపోయింది. మన ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌వి. జనతాకు దక్కింది నంద్యాల ఒక్కటే. గెలిచింది నీలం సంజీవరెడ్డి. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఢిల్లీలో చరణ్ సింగ్ హోం మంత్రి అయ్యారు. ప్రధాని మొరార్జీ దేశాయ్‌తో పడలేదు, 1978లో మంత్రివర్గం నుంచి తప్పించారు. ఆ ఏడాది డిసెంబరు 23న, తన పుట్టినరోజున, ఢిల్లీలో రైతుల భారీ ర్యాలీ జరిగింది. రాజధాని నడిబొడ్డున అంతమంది రైతులు కూర్చోవడం కొత్త. నెల తిరిగేసరికి ఆయన ఉప ప్రధాని, ఆర్థిక మంత్రి. బయట ఊళ్లు కదిలితే లోపల తలుపులు ఎలా తెరుచుకుంటాయో ఇక్కడ చూడండి.

1979 బడ్జెట్ ఆయనదే. రసాయన ఎరువుల మీద ఎక్సైజ్ సుంకం తగ్గించారు. మన గుంటూరు, ప్రకాశం, గోదావరి జిల్లాల పొగాకు రైతులకు గుర్తుండాల్సిన పని ఇంకొకటి. ఆకు పొగాకు మీద ఎక్సైజ్ సుంకం ఎత్తేశారు. అంతకుముందు పొగాకు వేసిన రైతు ఎన్ని ఎకరాలు వేశాడో, ఎంత ఆకు వచ్చిందో ఎక్సైజ్ వాళ్లకు లెక్క చెప్పుకోవాలి. ఆ ఇన్‌స్పెక్టర్ల తాకిడి పోయింది. నాబార్డు ఏర్పాటుకు దారితీసిన శివరామన్ కమిటీని వేసింది కూడా ఆయన ఆర్థిక మంత్రిగా ఉన్న ఆ మార్చిలోనే.

ఆర్నెల్లు తిరగలేదు. పార్టీ చీలింది. 1979 జులై 28న ఇందిరాగాంధీ మద్దతుతో ఆయన ప్రధాని అయ్యారు. ఎమర్జెన్సీలో తనను జైల్లో పెట్టినవాళ్ల మద్దతే. లోక్‌సభ ముందు బలం చూపాల్సిన రోజు రాకముందే ఆ మద్దతు పోయింది. ఆగస్టు 20న రాజీనామా చేశారు. లోక్‌సభను రద్దు చేయమన్న సలహాను రాష్ట్రపతి ఆమోదించారు. ఆ రాష్ట్రపతి, నంద్యాల నుంచి గెలిచి వెళ్లిన సంజీవరెడ్డే. 1980 జనవరి దాకా చరణ్ సింగ్ ఆపద్ధర్మ ప్రధాని. ఒక్క రోజు కూడా పార్లమెంటును ఎదుర్కోని ప్రధానిగా చరిత్రలో మిగిలారు. 1987 మే 29న కన్నుమూశారు. ఢిల్లీలో ఆయన సమాధి పేరు కిసాన్ ఘాట్.

ఇప్పుడు మనం లెక్క వేద్దాం. 1952 నుంచి 1959 వరకు ఒక రాష్ట్రంలో రెవెన్యూ మంత్రిగా ఆయన చేసిన పనికీ, ముఖ్యమంత్రిగా, ప్రధానిగా చేసిన పనికీ పోలిక ఉందా? పదవి చిన్నదిగా ఉన్నప్పుడు పని పెద్దది. పదవి పెద్దదయ్యాక పని చిన్నదైంది. చిన్న పదవిలో ఉన్నప్పుడు ఆయన చేతిలో ఒక చట్టం ఉంది, దాని సెక్షన్లు కంఠతా ఉన్నాయి, ఇరవై ఏళ్ల తయారీ ఉంది. పెద్ద పదవిలో ఉన్నప్పుడు చేతిలో ఉన్నది ఎవరి మద్దతు ఎన్నాళ్లన్న లెక్కే.

ఆ చట్టంలో లేని పేర్లు

చివరిగా ఒక మాట. ఇది మనందరికీ తగిలే మాట.

జమీందారీ పోయాక కొత్త జమీందార్లు పుట్టకూడదని ఆ చట్టం కౌలును నిషేధించింది. వితంతువులు, మైనర్లు, వికలాంగుల వంటి కొద్దిమంది తప్ప ఎవరూ భూమి కౌలుకు ఇవ్వకూడదు. ఉద్దేశం మంచిదే. కానీ కౌలు ఆగిందా? ఆగలేదు. బటాయి పేరుతో నోటి మాట మీద నడుస్తూనే ఉంది. కౌలు పోలేదు, కౌలుదారు కాగితం పోయింది. కౌలుదారు కొడుకు రాసిన చట్టంలో ఆ తర్వాత పుట్టిన కౌలుదారుకు చోటు లేకుండా పోయింది.

కూలి మాటేమిటి? సొంత భూమిలో సొంత చేతులతో దున్నే రైతు ఆయన ఆదర్శం. భూమి లేని కూలి ఆ బొమ్మలో అంచున నిలబడ్డాడు. ఆడవాళ్ల మాటేమిటి? ఆ చట్టం రాసిన వారసత్వ క్రమంలో కొడుకులు ముందుంటారు, పెళ్లయిన కూతురు చాలా వెనక. పొలంలో నాటు వేసేది, కలుపు తీసేది, పాలు పితికేది ఆమె. ఆమె పేరు ఖతౌనీలో ఎక్కడ ఉంది? గట్టు మీద నిలబడి చూసిన మనిషికి గట్టు కింద వంగి పనిచేసేవాళ్లు పూర్తిగా కనబడలేదు.

అక్కడి సంగతి మనకెందుకని అనుకోవద్దు. మన దగ్గర 2011లో సాగుదారుల చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, పదకొండు నెలల ఒప్పందం, దాని మీద భూయజమాని సంతకం. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం, అడిగితే వచ్చే ఏడు కౌలుకు ఇవ్వడేమోనని కౌలుదారు భయం. తెలంగాణలో 2018లో రైతుబంధు కింద ఎకరానికి సీజనుకు 4 వేలు ఇచ్చారు. పట్టాదారుకు వచ్చింది, పెట్టుబడి పెట్టిన కౌలుదారుకు రాలేదు. పీఎం కిసాన్ 6 వేలూ భూమి ఉన్న కుటుంబానికే. పంట పోతే నష్టపరిహారం ఎవరి ఖాతాలో పడుతోంది? అప్పుల బాధతో ప్రాణం తీసుకున్నవాడు కౌలు రైతని నిరూపించడానికి ఆ ఇల్లాలు ఏ కాగితం చూపాలి? 1356 ఫసలీలో పేరుందా లేదా అన్న పాత ప్రశ్నే ఇది, ఈ-పంటలో ఉందా లేదా అన్న రూపంలో మన ముందు నిలబడింది.

మన పని

కాబట్టి మిత్రులారా, ఈసారి 'రైతు బిడ్డను' అంటూ ఎవరు మన ఊరు వచ్చినా, ఏ పార్టీ కండువాతో వచ్చినా, మనం మూడు ప్రశ్నలు అడుగుదాం. మీరు గెలిస్తే మా చేతికి ఏ కాగితం వస్తుంది? ఆ కాగితంలో కౌలుదారు పేరు, కూలి పేరు, ఆడవాళ్ల పేరు ఎక్కడ ఉంటాయి? ఆ రికార్డు రాసేవాడిని అడిగే హక్కు మా గ్రామసభకు ఉంటుందా? తండ్రి ఏం చేసేవాడని కాదు, ఈ మూడింటికి జవాబు ఏమిటని చూడాలి. జవాబు చెప్పినవాడు గెలిచాక కూడా మన సంఘం వదిలిపెట్టకూడదు. మార్కెట్ చట్టానికి 26 ఏళ్లు పట్టిన సంగతి మరవకండి.

అడిగే ముందు మన దగ్గర లెక్క ఉండాలి. ఉగాదికి కౌలు మాటలు మొదలవుతాయి. ఆలోపు ప్రతి గ్రామ శాఖా ఒక నోటు పుస్తకం పెట్టాలి. సర్వే నంబరు, పట్టాదారు, నిజంగా సాగు చేస్తున్నవాళ్లు, ఎకరా కౌలు ఎంత, నగదా ధాన్యమా, కార్డు ఉందా లేదా, బ్యాంకు అప్పు దొరికిందా లేదా. ఇంటి ఆడవాళ్ల పేర్లు కూడా రాయండి. పట్టాదారుతో తగాదా పెట్టుకోవద్దు, ఆయనా మన సభ్యుడే కావచ్చు. ఇద్దరినీ కూర్చోబెట్టి, భూమి హక్కుకు ఏ ముప్పూ రాదని చెప్పి, సంతకాలు చేయించిన ఊళ్లు ఉన్నాయి. ఆ ఊళ్ల కార్యకర్తలు వచ్చే సమావేశంలో తమ అనుభవం చెప్పాలి. పుస్తకం పూర్తయ్యాక గ్రామసభలో చదివి వినిపించి, ఒక నకలు తహశీల్దారుకు ఇచ్చి రశీదు తీసుకోండి. మరో నకలు జిల్లా కార్యాలయానికి పంపండి.

చరణ్ సింగ్ చేతికి 1946లో చట్టం రాసే అవకాశం వచ్చేసరికి ఆయన దగ్గర ఏళ్ల కిందటే రాసి పెట్టుకున్న లెక్కలు సిద్ధంగా ఉన్నాయి. మన లెక్కలూ అలాగే సిద్ధంగా ఉండాలి. ఈ మధ్యాహ్నం మండలాల వారీగా కూర్చున్నప్పుడు నోటు పుస్తకం బాధ్యత ఏ ఊళ్లో ఎవరిదో పేర్లు రాసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.